గట్టు మీది చూపు

మా ఊళ్ళో మాకు రెండెకరాల మాగాణి ఉంది. ఉందనడమే గాని, దాన్ని నేను దున్నిందీ లేదు, నాటిందీ లేదు. నాన్నగారు పోయిన దగ్గర నుంచీ ఊళ్ళో ఒక పెద్దాయన కౌలుకి చేస్తున్నాడు. ఏడాదికి రెండుసార్లు, దసరా సెలవల్లో ఒకసారీ, సంక్రాంతికి ఒకసారీ నేను వెళ్ళి, చెప్పులు చేత పట్టుకుని, గట్టు మీద నిలబడి, పొలమంతా కలయజూసి, "బాగుంది" అనేసి వచ్చేస్తాను. తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాడి వ్యవసాయం ఇంతకంటె ఎలా ఉంటుంది లెండి!

మాది రేపల్లెకి దిగువన, సముద్రానికి దగ్గర ఊరు. కృష్ణ కాలవల్లో పై ఊళ్ళవాళ్ళు వాడుకోగా మిగిలిన నీళ్ళే మా దాకా వస్తాయి. మా పొలంలో ఒక మూల కొంచెం పల్లం. దాన్ని ఆనుకుని మురుగుకాలవ. కౌలు చేసే పెద్దాయన కొన్నేళ్ళుగా నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట అంటున్నాడు.

"మేస్టారూ, ఆ పల్లపు మూల సరిగా పండటం లేదు. అక్కడ పిలకలు వెయ్యవు, వేసినా తాలు పోతోంది. నాలుగు బస్తాలు తగ్గించండి."

నేను గట్టు మీద నుంచే ఆ మూలకేసి చూసేవాణ్ణి. పచ్చగా ఉండేది. ఈ మూల ఎంత పచ్చగా ఉందో ఆ మూలా అంతే పచ్చగా ఉండేది. "చూద్దాం లెండి" అనేవాణ్ణి. 'చూద్దాం' అన్నది వ్యతిరేకార్థక క్రియ అని ఏ వ్యాకరణంలోనూ రాయలేదు గాని, ఆయనకి ఆ అర్థం బాగానే తెలుసు. తల ఊపి వెళ్ళిపోయేవాడు. 'పండే పొలానికి వంకలు పెడుతున్నాడు' అని నేను లోపల అనుకునేవాణ్ణి. పైకి అనకపోవడం నా మర్యాద.

పోయిన దసరాకి ఈ వ్యవహారంలోకి మా మేనల్లుడు దిగాడు.

వాడు ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. శ్రావణమాసంలో మా ఇంటికొచ్చి, "మావయ్యా, నీ పాత కెమేరా ఉందే, అది ఒకసారి ఇస్తావా? పాడుచేసి ఇస్తాను" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో కొన్న డిజిటల్ కెమేరా అది. ఫోన్లలోకి కెమేరాలు వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. మా ఆవిడ ఒప్పుకోలేదు. తిరుపతి ఫొటోలు దాంతోనే తీశాం అంది. ఫొటోలు ఎక్కడికీ పోవనీ, పోయేది కెమేరా ఒక్కటేననీ నచ్చజెప్పేసరికి వాడికి కాఫీ చల్లారిపోయింది.

ముందు గది బల్ల మీద పాత పేపరు పరిచి, సన్న స్క్రూడ్రైవరుతో మరలు విప్పడం మొదలుపెట్టాడు. అయిదు నిమిషాలైందో లేదో "అమ్మో!" అని ఎగిరిపడ్డాడు. ఫ్లాషు వెలిగించడానికి కెమేరాలో కెపాసిటరు అని ఒక డబ్బాలాంటిది ఉంటుందిట. 300 వోల్టుల దాకా దాచుకుంటుందిట. బ్యాటరీ తీసేశాక కూడా చాలాసేపు ఆ కరెంటు అందులోనే కూచుంటుంది. చిటికెనవేలు దానికి తగిలింది. ఏమీ కాలేదనుకోండి, కాని మా ఆవిడ ఆ పూట వాణ్ణి ఆ బల్ల దగ్గరకి మళ్ళీ పోనివ్వలేదు. ఇది చదివి పాత కెమేరా విప్పుదామని ఉబలాటపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, ఆ పని తెలిసినవాళ్ళ ఎదట తప్ప చెయ్యనివ్వకండి.

మర్నాడు అందులోంచి వాడు పైకి తీసింది చిటికెనవేలి గోరంత గాజు ముక్క. "దీన్ని తీసేస్తే నీ కెమేరాకి మూడో కన్ను వచ్చినట్టే మావయ్యా" అన్నాడు. ఆ మూడో కన్నేమిటో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఎండని గాజుపట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులో రంగులన్నీ విడివిడిగా పడతాయని చిన్నప్పుడు అందరం చదువుకున్నాం. 1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఆయన, ఏ రంగులో ఎంత వేడి ఉందో చూద్దామని ఒక్కొక్క రంగులోనూ థర్మామీటరు పెట్టాడు. ఈయన మొదట సంగీతంతో పొట్టపోసుకున్నవాడు. సరదాకి ఆకాశం చూడడం మొదలుపెట్టి 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఎరుపు పక్కన, ఏ రంగూ లేని చోట పెట్టిన థర్మామీటరు అన్నిటికంటె పైకి ఎక్కింది. అంటే ఎరుపు అయిపోయిన చోట వెలుగు అయిపోలేదన్నమాట. మన కన్ను అయిపోయింది, అంతే.

ఆ కనిపించని వెలుగునే మనవాళ్ళు 'పరారుణం' అన్నారు. పర, అరుణ కలిస్తే పరారుణం. సవర్ణదీర్ఘసంధి. ఎరుపుకి ఆవలిది అని అర్థం. మా క్లాసులో సంధికి ఉదాహరణ అడిగితే పిల్లలు ఎప్పుడూ 'రామాలయం' అనే అంటారు. ఇక మీదట నేనే ఇది చెబుదామనుకుంటున్నాను.

మన కంటికి సుమారు 400 నానోమీటర్ల నుంచి 700 దాకా ఉన్న వెలుగే ఆనుతుంది. మిల్లీమీటరులో పదిలక్షో వంతు నానోమీటరు. ఇప్పుడు ఈ వెలుగుని ఆకు ఏం చేసుకుంటుందో చూడండి. ఆకులో ఉన్న పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ పీల్చేసుకుంటుంది. దాని వంటకి అవే కట్టెలు. ఆకుపచ్చని మాత్రం అంతగా వాడుకోదు, కొంత వెనక్కి కొడుతుంది. అది వద్దన్నదే మన కంటికి దాని రంగు. ఇక 700 దాటిన పరారుణాన్ని పత్రహరితం ముట్టుకోనే ముట్టుకోదు. అది ఆకు లోపలికి పోయి, అక్కడ స్పంజిలా గాలి ఖాళీలతో ఉన్న కణాల మధ్య అటూ ఇటూ తగిలి, దాదాపు సగం తిరిగి బయటికి వచ్చేస్తుంది. పరారుణం చూడగలిగిన కన్నే మనకి ఉంటే, వేపచెట్టూ వరిచేనూ సున్నం కొట్టిన గోడల్లా మెరుస్తూ ఉండేవి. రాబర్ట్ వుడ్ అనే అమెరికా ప్రొఫెసరు 1910లో అలాంటి ఫొటోలు తీసి అచ్చువేయించాడు. అందులో చెట్లు మంచు కప్పినట్టు తెల్లగా, ఆకాశం నల్లగా ఉంటాయి.

మొక్కకి కష్టం వచ్చిందనుకోండి. నీళ్ళందకో, ఉప్పు ఎక్కువయ్యో, పురుగు పట్టో. పత్రహరితం తగ్గుతుంది. దాంతో ఎరుపుని పీల్చుకోవడం తగ్గి, వెనక్కి కొట్టడం పెరుగుతుంది. ఆకులు పలచబడి, లోపలి కణాలు సొమ్మసిల్లితే పరారుణం వెనక్కి రావడం తగ్గుతుంది. ఒకటి పెరిగీ ఒకటి తగ్గీ ఆ రెండూ దగ్గరపడుతూ వస్తాయి. ఈ మార్పు మొదలైనప్పుడు మన కంటికి పైరు ఇంకా పచ్చగానే కనిపిస్తుంది.

దీనికొక లెక్క ఉంది. పరారుణంలోంచి ఎరుపు తీసేసి, వచ్చినదాన్ని ఆ రెంటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకి, మంచి ఆకు మీద పడిన నూరు పాళ్ళలో ఎరుపు 5, పరారుణం 50 వెనక్కి వచ్చాయనుకుందాం. 45ని 55తో భాగిస్తే 0.82. అదే వాడిన ఆకు మీద ఎరుపు 15, పరారుణం 30 అయితే, 15ని 45తో భాగిస్తే 0.33. ఒకటికి దగ్గరైన కొద్దీ పైరు ఏపుగా ఉన్నట్టు. వట్టి నేల సున్నాకి దగ్గరగా ఉంటుంది, నీళ్ళు సున్నా కిందికి పోతాయి. అమెరికా వాళ్ళు 1972లో మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపిన తరువాత టెక్సాస్ శాస్త్రజ్ఞులు ఈ లెక్కని వాడుకలోకి తెచ్చారు. ఎన్.డి.వి.ఐ. అంటారు. మా ఆవిడ ఒకసారి విని, "ఇంతేనా! చీటీల వడ్డీ లెక్క ఇంతకంటె కష్టం" అంది.

ఉపగ్రహాలకి ముందే ఈ విద్య ఫిల్ముతో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఫిరంగుల మీద నరికిన కొమ్మలు కప్పీ, ఆకుపచ్చ రంగు పూసీ దాచేవాళ్ళు. విమానంలోంచి చూసే కంటికి అంతా అడవే. ఆ మోసం పట్టుకోవడానికి, బతికున్న ఆకు ఎర్రగానూ తక్కినది వేరే రంగులోనూ పడే ఫిల్ము తయారుచేశారు. యుద్ధం అయ్యాక, 1956లో, కాలిఫోర్నియాలో రాబర్ట్ కాల్వెల్ అనే ఆయన ఆ ఫిల్ముతోనే ధాన్యపు పైర్లలో తెగుళ్ళని పై నుంచి గుర్తుపట్టవచ్చని చూపించాడు. శత్రువుని పట్టుకోవడానికి పుట్టినది చివరికి రైతు చేతికి వచ్చింది.

మన దేశంలో ఇది మొదలైంది కొబ్బరిచెట్టుతో. కేరళలో కొబ్బరికి వేరు ఎండు తెగులని ఒకటుంది. 1882లో పెద్ద వరదల తరువాత మొదట కనిపించిందంటారు. చెట్టు ఒక్కసారి చావదు. ఏళ్ళ తరబడి నీరసించి, కాపు తగ్గిపోతుంది. దానికి మందు లేదు. 1970లో పిషారోటీ గారు హెలికాప్టరులోంచి ఆ తోటలని పరారుణపు ఫిల్ముతో ఫొటోలు తీయించారు. మంచి చెట్లకీ తెగులు తగిలిన చెట్లకీ ఆ ఫొటోల్లో తేడా కనిపించింది. వాతావరణ శాస్త్రజ్ఞుడైన ఆయనని ఇప్పుడు మన దేశపు రిమోట్ సెన్సింగ్‌కి పితామహుడంటున్నారు. 1974-75లో మన అనంతపురం జిల్లానీ, పంజాబులో పటియాలా జిల్లానీ ఇలాగే విమానంలోంచి ఫొటోలు తీసి పైర్ల లెక్క కట్టారు. 1988 మార్చి 17న మన సొంత ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఏ పైకి పోయింది. దాని కెమేరాలకీ పరారుణపు కన్ను ఉంది. అది దింపిన బొమ్మలని అందుకున్నది మన హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లోనే.

"అయితే ఉపగ్రహాలు ఉండగా నా కెమేరా ఎందుకురా పాడుచెయ్యడం?" అని అడిగాను.

"ఐరోపా వాళ్ళ ఉపగ్రహం బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి మావయ్యా. కాని అందులో ఒక్కొక్క చుక్క పది మీటర్ల గడి. మన రెండెకరాలూ కలిపి ఎనభై గడులు. పైగా వానాకాలం. మబ్బు పట్టిందంటే అదీ లేదు" అన్నాడు. వాడి దగ్గర అన్నిటికీ జవాబులుంటాయి. పరీక్షల్లో ఎందుకుండవో తెలియదు.

ఇక ఆ గాజు ముక్క సంగతి. డిజిటల్ కెమేరాలో సిలికాన్ బిళ్ళ ఉంటుంది. అది సుమారు 1100 నానోమీటర్ల దాకా చూడగలదు. కాని అలా వదిలేస్తే చీరల రంగులు మారిపోతాయి, మొహాలు పాలిపోతాయి. అంచేత కెమేరా తయారుచేసేవాళ్ళు ముందొక గాజు ముక్క అడ్డంపెట్టి పరారుణాన్ని ఆపేస్తారు. ఆ అడ్డు తీసేసి, దాని చోట ఒక నీలం కాగితం పెట్టాడు మావాడు. ఏ కాగితమనుకున్నారు? నాటకాల్లో లైట్లకి అడ్డంగా పెట్టే రంగు కాగితం! విట్టోరియో స్టొరారో అని ఇటలీ సినిమా ఛాయాగ్రాహకుడున్నాడు. ఆయన పేర తయారైన నీలం అది. ఆ కాగితం ఎరుపుని ఆపుతుంది, నీలాన్నీ పరారుణాన్నీ వదులుతుంది. దాంతో కెమేరాలో ఎరుపు చూడవలసిన గడుల్లోకి పరారుణం వచ్చి కూచుంటుంది, నీలం తన చోట తాను ఉంటుంది. పత్రహరితం నీలాన్నీ పీలుస్తుంది గనక, ఎరుపు బదులు నీలంతో ఆ లెక్కే వేసుకోవచ్చు. అసలంత ఖచ్చితం కాదు గాని ఇల్లు గడుస్తుంది.

ఈ ఉపాయం మావాడిది కాదు. 2010లో అమెరికా దక్షిణాన సముద్రంలో చమురు పొంగి ఒడ్డంతా పాడైనప్పుడు, అక్కడి మామూలు జనం కొందరు బెలూన్లకీ గాలిపటాలకీ కెమేరాలు కట్టి తమ తీరాన్ని తామే ఫొటోలు తీసుకున్నారు. అందులోంచి పబ్లిక్ ల్యాబ్ అని ఒక సంఘం పుట్టింది. ఈ నీలం కాగితం కిటుకుని వాళ్ళు 2013లో ఊరూరికీ తెలిసేలా చేశారు.

దసరా సెలవలిచ్చారు. అందరం ఊరు వెళ్ళాం. మా మేనల్లుడు ఆరడుగుల గుడ్డ గాలిపటం కుట్టించుకొచ్చాడు. మొదటిరోజు కెమేరా కట్టకుండా, అంత బరువున్న బంగాళాదుంప కట్టి ఎగరేశాడు. దుంప పంటకాలవలో పడింది. రెండోసారీ అక్కడే పడింది. మూడో దుంపకి మా ఆవిడ, "కూరకి ఉంచు నాయనా" అంది. కరెంటు తీగల వైపు పోకుండా, సముద్రపు గాలి తిరిగేదాకా ఆగి, సాయంత్రం నాలుగింటికి కెమేరా కట్టి వదిలాడు. ఈసారి లేచింది. కొబ్బరిచెట్లకి రెండింతలెత్తుకి పోయి నిలబడింది. అయిదేసి సెకన్లకొకసారి దానంతటదే ఫొటో తీసుకుంటూ ఉంది. ఊళ్ళో పిల్లలందరూ గట్టు మీదే. కౌలు పెద్దాయన కూడా వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, మాట్లాడకుండా చూస్తూ నిలబడ్డాడు.

నాలుగువందల పైచిలుకు ఫొటోలు వచ్చాయి. సగం ఆకాశం, కొన్ని నా బట్టతల. మిగిలినవాటిని వాడు రాత్రి కంప్యూటరులో అతికి, లెక్క వేసి, రంగులు వేశాడు. బాగున్న చోట ఆకుపచ్చ, మధ్యరకం పసుపు, బాగులేని చోట ఎరుపు. బొమ్మ రాగానే నా గుండె ఝల్లుమంది. పడమటి గట్టు పొడుగునా ఎర్రటి చారలు! "తెగులు మావయ్యా!" అన్నాడు వాడు. "పొద్దున్నే మందు కొట్టించాలి" అన్నాను నేను. మర్నాడు పెద్దాయన ఆ బొమ్మ చూసి, నవ్వు ఆపుకుంటూ, "అవి కొబ్బరిచెట్ల నీడలు బాబూ" అన్నాడు.

ఇద్దరు చదువుకున్నవాళ్ళం, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు తీశాం. ఆ మరునాడూ తీశాం. వెలుగు మారితే లెక్క మారకుండా గట్టు మీద తెల్లగుడ్డ పరిచి, దాన్ని గుర్తుగా పెట్టుకున్నాడు మావాడు. పడమటి చారలు మాయమయ్యాయి. కాని మరొకటి మూడు రోజులూ చెరగలేదు. పల్లపు మూల, మురుగుకాలవ వెంబడి, అర ఎకరానికి కొంచెం తక్కువ మేర పసుపు, అందులో మధ్య మధ్య ఎర్రటి మచ్చలు. మొదటిరోజు నీడల హడావుడిలో మేము దాన్ని పట్టించుకోనే లేదు.

నేను ఆ బొమ్మ పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. ఆ మూలకేసి చూశాను. పచ్చగానే ఉంది! పెద్దాయన నా వెనకాలే వచ్చాడు. "అక్కణ్ణుంచి కాదు మేస్టారూ, ఇలా రండి" అని పొలంలోకి దిగాడు. పంచె పైకి కట్టి నేనూ దిగాను. బురదలో దిగి ఎన్నేళ్ళయిందో! పాతిక గజాలు పోయాక ఆయన ఆగి, చేత్తో దుబ్బులు పక్కకి తీసి చూపించాడు. ఎగువన దుబ్బుకి ఇరవై పిలకలుంటే ఇక్కడ ఏడెనిమిది. దుబ్బుల మధ్య నీళ్ళు కనిపిస్తున్నాయి. ఆకుల కొసలు ఎండి తెల్లబడ్డాయి. గట్టు మీద నుంచి ఏటవాలుగా చూస్తే ముందరి ఆకుల వెనక వెనకటి ఆకులు చేరి ఖాళీలని కప్పేస్తాయి. పల్చటి చేను కూడా దట్టంగా కనిపిస్తుంది. పై నుంచి చూసేవాడికైనా తెలుస్తుంది, లోపలికి దిగినవాడికైనా తెలుస్తుంది. గట్టు మీదివాడికే తెలియదు.

"ఇదేమిటి, ఇలా ఉందేం?" అన్నాను.

"ఇదేగా నేను చెబుతున్నది" అన్నాడు ఆయన. ఆ మాటలో కోపం లేదు. బొమ్మ చేతిలోకి తీసుకుని ఎర్ర మచ్చ మీద వేలు పెట్టి, "ఇది ఇంకా కిందికి కూడా ఉంటుంది, మీ కాగితంలో తెగిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు ఈ డ్రైనులోకి ఎగదన్నుతుంది. గట్టు కింద నుంచి ఊరుతుంది" అన్నాడు.

చూడండి, కెమేరా 'ఎక్కడ' అన్నది చెప్పింది. 'ఎందుకు' అన్నది చెప్పలేదు. నత్రజని చాలకపోయినా అదే పసుపు, నీళ్ళు చాలకపోయినా అదే పసుపు, దోమ పట్టినా అదే పసుపు. కొందరు దీన్ని జ్వరం చూసే కెమేరా అనుకుంటారు. అదీ కాదు. వేడిని చూసే కెమేరాలు వేరు. వాటి వెలుగు దీనికంటె పది రెట్లూ ఆ పైనా పొడుగు. ఇది చూసేది ఆకు మీద పడి తిరిగివచ్చిన ఎండని మాత్రమే. ఎందుకన్నది తెలుసుకోవాలంటే కాళ్ళకి బురద అంటాల్సిందే. రెండు మూలల మట్టీ సంచుల్లో కట్టి వ్యవసాయ శాఖ వారి ద్వారా పరీక్షకి పంపాం. ఎగువ మట్టి బాగానే ఉంది, పల్లపు మట్టిలో వరికి ఓర్వలేనంత ఉప్పు ఉందని వచ్చింది. ఆ గట్టు ఎత్తు చేసి, డ్రైను పూడిక తీయించి, మంచినీళ్ళు వచ్చినప్పుడు పెట్టి ఉప్పు కడిగి వదలమన్నారు. పైరుకి ముందు జీలుగ చల్లి దున్నమన్నారు. ఉప్పుకి తట్టుకునే వరి రకం వెయ్యమన్నారు. అన్నీ పెద్దాయనకి తెలిసినవే. కాని గట్టు ఎత్తు చెయ్యడానికి డబ్బు పెట్టవలసినవాడు పొలం గలవాడు. పొలం గలవాడు 'చూద్దాం' అంటున్నాడు.

ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా మేనల్లుడు మహా సంబరంగా ఉన్నాడు. "చూశావా మావయ్యా, కంటికి కనిపించనిది మన కెమేరా కనిపెట్టింది!" అన్నాడు. వాడి సంబరం చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. కెమేరా కనిపెట్టిందేమీ లేదు. రోజూ ఆ బురదలో తిరిగే మనిషి కనిపెట్టి, నోరు తెరిచి, తెలుగులో, నాకు చెప్పాడు. ఆయన మాట మీద నాకు నమ్మకం కలగడానికి నీలం కాగితమూ, గాలిపటమూ, మూడు బంగాళాదుంపలూ కావలసివచ్చాయి. కొబ్బరి నీడలు చూసి తెగులన్న ఆ బొమ్మనే నేను మొదటిరోజు నమ్మేశాను. మాట నేర్పే ఉద్యోగం చేస్తూ మాట వినడం నేర్చుకోలేదు.

ఇంటికి వచ్చాక మా ఆవిడతో, "ఈ ఏటి నుంచి నాలుగు బస్తాలు తగ్గించేస్తాను. గట్టు పని కూడా మనమే చేయిద్దాం" అన్నాను, కొంచెం ఉదారంగానే.

ఆవిడ వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తకుండా, "మరి వెనకటి మూడేళ్ళవీ?" అంది.

నేను మాట్లాడలేదు.

"నాలుగు మూళ్ళు పన్నెండు" అంది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దాయనని అరుగు మీద కూచోబెట్టి, వెనకటి మూడేళ్ళలో నాకు ఎక్కువ వచ్చిన పన్నెండు బస్తాలూ ఈ ఏటి కౌలులో సర్దేస్తానని చెప్పాను. క్షమించమని కూడా అందామనుకున్నాను గాని, ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. ఆయన కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు.

"పన్నెండు కాదు మేస్టారూ" అన్నాడు. "మొదటి ఏడు నేను అడిగింది మూడే. పదకొండు."

ఆ మాట నిజమో కాదో చూడడానికి నేను గాలిపటం ఎగరెయ్యలేదు.